ఐదు రోజుల మేత

ఈ ప్రయాణం ఒక్క మాటతో మొదలైంది. పోయిన వేసవిలో మా చెల్లెలు విజయ తన చేపల చెరువు గట్టు మీద నిలబడి, "ఒక్క మూడు రోజులు ఈ నీళ్ళ మొహం చూడకుండా ఉండాలక్కా" అంది. నేను వెంటనే, అయితే సముద్రానికి వెళ్దాం అన్నాను. నీళ్ళు చూడలేకపోతున్నానన్న మనిషిని ఇంకా పెద్ద నీళ్ళ దగ్గరికి తీసుకెళ్తానన్న తెలివి నాది. తను మాత్రం నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "సముద్రానికైతే మేత వెయ్యక్కర్లేదు కదా" అంది.

నేను ఏలూరులో పోస్టాఫీసు ఉద్యోగిని. ముప్పై ఏళ్ళుగా కనిపించిన ప్రతి కాగితం మీదా తారీఖు ముద్ర కొట్టి కొట్టి, ఏ పనికైనా ముందు టైము రాసుకోవడం అలవాటైపోయింది. చావుకి కూడా రిజర్వేషన్ చేయించుకునే రకం అని మావారు నన్ను వెక్కిరిస్తారు. విజయది మండవల్లి దాటాక చెరువుల మధ్య ఊరు. మా మరిది రాంబాబుకి ఆరెకరాల చెరువు, అందులో బొచ్చెలు, శీలావతులు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఈ ఇరవై రెండేళ్ళలో మొగుడూ పెళ్ళాం కలిసి ఒక్క రాత్రి కూడా ఆ గట్టు విడిచి ఎక్కడా పడుకోలేదు. పెళ్ళిళ్ళకి ఒకరు ముహూర్తానికి వస్తే, ఇంకొకరు వాళ్ళు తిరిగి వెళ్ళాక భోజనానికి వస్తారు. మా అమ్మ పెద్దకర్మ రోజున రాంబాబు విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, అటు నుంచి అటే బస్సెక్కాడు. రెండుసార్లు తిరుపతికి టికెట్లు తీశాను. మొదటిసారి చేపలకి మొప్పల జబ్బు, రెండోసారి తుఫాను. రెండుసార్లూ నేనూ మావారే వెళ్ళి నలుగురి తరఫునా దణ్ణం పెట్టుకుని వచ్చాం.

అందుకే ఈసారి గట్టిగా పట్టుకున్నాను. ప్లానంతా తాడేపల్లిగూడెంలో మా తమ్ముడు సత్యం ఇంట్లో వేశాం. నేను ఆదివారం పొద్దున్న ఏలూరులో ప్యాసింజరు ఎక్కితే టిఫిన్ల వేళకి గూడెంలో దిగేదాన్ని. వాడు ఉల్లిపాయల మార్కెట్లో గుమస్తా. ఇల్లంతా, ఇంట్లో మనుషులతో సహా, ఉల్లిపాయల వాసనే. విజయని ఫోనులో స్పీకరు మీద పెట్టి, బల్ల మీద కాగితాలు పరుచుకునేవాళ్ళం. ఎక్కడికి అన్నదానికే రెండు ఆదివారాలు పట్టింది. గోవా అంటే మార్కెట్లో వాళ్ళు నవ్వుతారన్నాడు సత్యం. పూరీ అంటే అది మళ్ళీ దేవుడి పని అవుతుందని నేను వద్దన్నాను. చివరికి కోవళం అనుకున్నాం. విజయవాడలో రైలు మారాలి. వెళ్ళడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు, అక్కడ మూడు రోజులు, మొత్తం ఐదు. గదిలోంచి సముద్రం కనిపించే లాడ్జి ఒకటి సత్యం వెతికి పట్టుకున్నాడు. నేను నాలుగు పేజీలు రాశాను. ఏ పూట ఎక్కడ తినాలి, ఎవరి సంచిలో ఏ మందులు, రైల్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలి. విజయ ఏమీ అడగలేదు. ఒక్కసారి మాత్రం, సిగ్గుపడుతూ, తనకి కిటికీ పక్క సీటు ఇవ్వమంది. ఆ సీటు నంబరు కింద ఎర్రగీత గీశాను.

ఆ నాలుగు పేజీల్లో చెరువు గురించి ఉన్నది ఒకే ఒక్క లైను: చెరువు దగ్గర తాతారావు. తాతారావు అని ఊళ్ళో పెద్దాయన, చేపల పని తెలిసినవాడు, ఐదు రోజులు కాపలా ఉంటానన్నాడు. ఆ లైను పక్కన టిక్కు కొట్టి ముందుకి వెళ్ళిపోయాను.

ఇక్కడ మేత సంగతి చెప్పాలి. చెరువులో వరసగా కర్రలు పాతి ఉంటాయి. అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి, పొద్దున్నే పడవ మీద వెళ్ళి ఒక్కో కర్రకీ ఒక్కో సంచి కట్టి వస్తారు. చేపలు వచ్చి చిల్లుల్లోంచి పొడుచుకు తింటాయి. సాయంత్రానికి సంచి వాడిపోతుంది. మర్నాడు మళ్ళీ నింపాలి. ఇరవై రెండేళ్ళు ఆ ఇద్దరినీ గట్టుకి కట్టేసింది ఆ సంచులే.

ప్రయాణం గురువారం. మంగళవారం మధ్యాహ్నం విజయ ఫోను చేసింది. తాతారావుకి మోకాళ్ళ నొప్పులట, కాపలా ఉంటాడు గానీ పడవెక్కి సంచులు కట్టలేడట. ఈ సంగతి తెలిస్తే రాంబాబు రాడు. ఏం చెయ్యమంటావక్కా, అంది. నా కౌంటరు ముందు జనం ఉన్నారు. తొందరలో, ఉత్తరాల కట్ట గురించి చెప్పినట్టే చెప్పాను.

"దానికేముందే, ఐదు రోజుల మేతా ఒకేసారి కట్టేస్తే పోలా? సంచిలోది కొంచెం కొంచెంగానే తింటాయి కదా."

చూస్తాలే అక్కా, అని విజయ పెట్టేసింది. సమస్య తీర్చేశానని నాకు చాలా తృప్తిగా అనిపించింది. ఆ సాయంత్రం మావారికి కూడా గొప్పగా చెప్పుకున్నాను.

గురువారం రైలు మధ్యాహ్నం రెండూ ఐదుకి, ఏలూరులో. రాంబాబుని నమ్మడానికి లేదు గనక, పొద్దున్నే వాళ్ళ ఊరు వెళ్ళి, వాకిట్లో నిలబడి తాళం వేయించి, ఇద్దర్నీ వెంటబెట్టుకు రావాలన్నది నా ప్లానులో మొదటి లైను. ఐదూ యాభైకి ఏలూరు బస్టాండులో కైకలూరు బస్సెక్కాను. ఆడవాళ్ళకి ఇప్పుడు టికెట్టు లేదు గదా, కండక్టరు సున్నా టికెట్టు చింపి ఇచ్చాడు. చలి లేదు. అల్పపీడనం పట్టి మూడు రోజులైంది, ఆకాశం తడి దుప్పటి కప్పుకున్నట్టుంది. కొల్లేటి దారిలోకి వచ్చేసరికి తెల్లవారింది గానీ వెలుగు రాలేదు. రోడ్డుకి అటూ ఇటూ నీళ్ళు, గట్లు, మళ్ళీ నీళ్ళు. పక్షులు కూడా గట్ల మీద ముడుచుకుని కూర్చున్నాయి.

పక్క సీట్లో ఒకావిడ, కొల్లేటికోట అమ్మవారికి మొక్కు తీర్చుకోవడానికి వెళ్తోంది. నా సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చిన గడ్డి టోపీలు చూసి ఎక్కడికని అడిగింది. చెప్పాను. "నీళ్ళు చూడ్డానికి అంత దూరం ఎందుకండీ" అని కిటికీ వైపు చెయ్యి చూపించింది. ఈ హాస్యం నేను రెండు నెలలుగా వింటూనే ఉన్నాను. ఎప్పటిలాగే నవ్వాను.

ముందు సీట్లో పెద్దాయన ఒకరు వెనక్కి తిరిగారు. ఆయనకి మండవల్లి దగ్గర చెరువు, కొడుకు చూసుకుంటాడట. ఇంత పొద్దున్నే బయలుదేరారేం అని మర్యాదకి అడిగాను.

"మావాడు ఫోను ఎత్తట్లేదండి. మూడు రోజులై ఎండ మొహం లేదు. ఇవాళ మేత కట్టొద్దురా అని చెప్పడానికి వెళ్తున్నాను."

మబ్బు రోజున మేత కడితే ఏమవుతుందని అడిగాను. నాకు తెలిసినదంతా సంచుల వరకే. ఆయన ఓపిగ్గా చెప్పారు. ఎండ లేకపోతే నీళ్ళలో ఆక్సిజన్ ఉండదు. కడుపు నిండిన చేపకి అది ఇంకా ఎక్కువ కావాలి. తినగా మిగిలిన తవుడు నీళ్ళలో పులిసి, ఉన్న కాస్తా లాగేస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. మబ్బు పట్టిన రోజు చెరువుని పస్తు పెట్టాలండి, అది మా దగ్గర పసివాళ్ళకీ తెలుసు, అన్నారు.

టైము ఆరూ నలభై. విజయకి ఫోను చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. రాంబాబుకి చేశాను. బస్సు దిగేలోపు పదకొండుసార్లు చేశాను. కట్టలేదులే, దానికి తెలియని విషయమా, నేను చెప్పినంత మాత్రాన కడుతుందా, అని నాకు నేనే చెప్పుకుంటూ కూర్చున్నాను. పక్కావిడ మంచినీళ్ళు ఇచ్చింది.

కైకలూరులో దిగి, షేరు ఆటో కోసం ఆగకుండా, ఆటో మొత్తం మాట్లాడుకున్నాను. ఏడూ నలభైకి గట్టు మలుపు తిరిగాం. దూరం నుంచే ఇంజన్ల చప్పుడు వినిపించింది. ఒకటి కాదు, మూడు. చెరువులో నీళ్ళు తోడి గాలిలోకి చిమ్మి మళ్ళీ చెరువులోకే వదులుతున్నారు. గట్టు నిండా మనుషులు. గట్టు పొడుగునా నీళ్ళ అంచు తెల్లగా ఉంది. ఆటో అతను బండి ఆపి, అయ్యో అన్నాడు. నేను డబ్బులివ్వడం మరిచిపోతే అతను అడగలేదు, నేనే మళ్ళీ వెనక్కి వెళ్ళి ఇచ్చాను.

తెల్లనివన్నీ బొచ్చెల పొట్టలు. అవి ముందు పోతాయట. శీలావతులు ఇంకా బతికి ఉన్నవి మూతులు పైకెత్తి గాలి మింగుతున్నాయి. అంత పెద్ద చెరువంతా చప్పరిస్తున్నట్టు చిన్న చప్పుడు. అది ఇంకా నా చెవుల్లో ఉంది. అన్నం తింటున్నప్పుడు ఎవరైనా చప్పుడు చేస్తే లేచిపోతున్నాను.

రాంబాబు గుండెల్లోతు నీళ్ళలో ఉన్నాడు. ఒక్కో కర్ర దగ్గరికీ వెళ్ళి సంచి తాడు కోసి, బరువుగా ఉన్న సంచిని పడవలోకి ఎత్తుతున్నాడు. జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది. ముందు రోజు సాయంత్రం కైకలూరు వెళ్ళి, క్షౌరం చేయించుకుని, రంగు వేయించుకుని వచ్చాడు. చెవి పక్కన రంగు మరక ఇంకా పోలేదు. ఈసారి నిజంగానే వచ్చేవాడన్నమాట. ఆ మరక చూశాక గట్టు మీదే కూలబడ్డాను.

ఆయన రంగు వేయించుకుంటున్న ఆ గంటన్నరలోనే విజయ పడవేసుకుని వెళ్ళి సంచులు కట్టింది. పాత సంచుల పక్కన కొత్తవి, కర్రకి ఐదేసి. సంచుల మూతులే నీటిపైకి కనిపిస్తాయి, చీకటిపడ్డాక వచ్చిన మనిషికి ఏం తెలుస్తుంది? సంచులు కూడా తాతారావే కడతాడని ఆయనకి చెప్పింది. తెల్లవారుజామున నాలుగున్నరకి ప్రయాణం హడావిడిలో రాంబాబుకి మెలకువ వచ్చి, అలవాటుగా టార్చిలైటు చెరువు మీద వేస్తే నీళ్ళు కదులుతూ కనిపించాయట.

విజయ రేవు దగ్గర ఉంది. పడవలోంచి దించిన సంచుల్ని కుమ్మరించి, ఒక్కొక్కటే ఉతుకుతోంది. కొత్త చీర కట్టుకుని ఉంది, ప్రయాణానికని తెల్లవారకుండానే కట్టుకున్నది. మోకాళ్ళ దాకా బురద. వరండాలో రెండు సూటుకేసులు, మీద కొత్త చెప్పుల జత. నేను పక్కన కూర్చుని ఒక సంచి అందుకున్నాను. పులిసిన తవుడు వాసన.

"నీకు తెలుసు కదే" అన్నాను. తిట్టాలని కాదు, నా తప్పు కొంచెమైనా తనవైపు జరుపుకోవాలని. అలాంటి మాట వచ్చినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

"తెలుసక్కా. మబ్బు విడుతుందన్నారు టీవీలో. ఒక్క పూట ఎండ వస్తే చాలనుకున్నాను." చేతులు ఆపకుండానే అంది. "నువ్వన్నావని ఆయనకి చెప్పకు. నేనే కట్టాను. నువ్వు చెప్పకపోయినా ఏదో ఒకటి చేసేదాన్నే."

ఆ మాట నిజమో, నన్ను కాపాడ్డానికి అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు.

పక్క చెరువుల వాళ్ళు వలలు తెచ్చారు, ఇంజన్లు తెచ్చారు, ఎవరో ఆక్సిజన్ పొడి బస్తా తెచ్చి పడవలోంచి జల్లారు. ఎవరూ పిలవలేదు, గట్ల మీద ఆ కబురు తనంతట తనే వెళ్తుంది. ఎవరూ విజయని ఒక్క మాట అనలేదు. కొందరు నా టోపీల సంచి వైపు చూసి చూపు తిప్పుకున్నారు. తొమ్మిదిన్నరకి మావారికీ, సత్యానికీ ఫోను చేశాను. మావారు ఇంట్లోనే ఉండిపోయారు. సత్యం అప్పటికే పులిహోర డబ్బాతో గూడెంలో రైలెక్కేశాడు. పదిన్నరకి చేపల మూతులు నీళ్ళలోకి దిగడం మొదలైంది. సగం చెరువు నిలిచినట్టే అన్నారు. మిగతా సగాన్ని గంపలకెత్తి లారీలోకి పోస్తున్నారు.

ఉండి ఏదైనా సాయం చేస్తానన్నాను. రాంబాబు వద్దన్నాడు. నన్ను ఆటో ఎక్కించడానికి తడి బట్టలతోనే మలుపు దాకా నడిచి వచ్చాడు. ఆటో కనిపించాక ఆగి, నేల చూస్తూ అన్నాడు.

"వదినగారూ, మబ్బు రోజున మేత కట్టాలని తనంతట తనకి తోచదండి. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను కదా."

నేను నోరు తెరిచాను. ఆయన చెయ్యి ఎత్తాడు, చాలా మర్యాదగానే.

"ఇప్పుడేం చెప్పకండి. నాకు తెలుసని తనకి తెలిస్తే ఇంకా కుంగిపోతుంది. మీరు జాగ్రత్తగా వెళ్ళండి."

తిడతాడేమోనని భయపడ్డాను. తిట్టి ఉంటే బాగుండేదని బస్సులో అనిపించింది. పదకొండూ నలభైకి కైకలూరులో బస్సు, మళ్ళీ సున్నా టికెట్టు. వచ్చేటప్పుడు కిటికీ పక్క సీటు దొరికింది గానీ, నీళ్ళ వైపు చూడలేక కళ్ళు మూసుకున్నాను. ఈ రచన చదివి ఎవరైనా ఆ వైపు చుట్టాల్ని ప్రయాణానికి పిలిచేటట్టయితే నాది ఒకటే మాట. ముందు వాళ్ళ చెరువు గురించి నాలుగు పేజీలు రాయండి. కోవళానికి ఒక్క లైను చాలు. నేను తిరగేసి రాశాను.

ఏలూరులో దిగేసరికి ఒంటిగంట దాటింది. చినుకులు మొదలయ్యాయి. ఇంటికి వెళ్ళకుండా స్టేషనుకి వెళ్ళాను. సత్యం ప్లాట్‌ఫారం మీద బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. సగం నిలిచిందట కదా అక్కా, అన్నాడు. అవునన్నాను. పులిహోర తింటావా అన్నాడు, వద్దన్నాను. వాడూ తినలేదు. వాడి తిరుగు బండి మూడింటికి. టికెట్లు నేను రద్దు చేయలేదు. ఆ పని గుర్తురాక కాదు, ఆ ముద్ర నా చేత్తో కొట్టబుద్ధి కాలేదు.

రెండూ పదికి మా రైలు వచ్చింది, ఐదు నిమిషాలు ఆలస్యం. మా పెట్టె సరిగ్గా మా ముందే ఆగింది. అప్పుడే ఫోను మోగింది. విజయ. వెనక ఇంజన్ల చప్పుడు ఇంకా వినిపిస్తోంది.

"ఆయనకి తెలీలేదక్కా. నువ్వేమీ చెప్పలేదు కదా?"

లేదన్నాను. అది నిజమే. మిగతాది చెప్పకుండా మింగాను. ఆయన దగ్గర దాచాల్సింది తన రహస్యం, తన దగ్గర దాచాల్సింది ఆయన రహస్యం, రెండూ ఇక నావే.

"మన రైలు వచ్చిందా?"

"వచ్చింది. ఆగి ఉంది."

"నా సీటులో ఎవరైనా కూర్చున్నారా అక్కా?" అంది.

వంగి చూశాను. కిటికీ అద్దం వాన పడకుండా దించి ఉంది. లోపల మా ఐదుగురి సీట్లూ వరసగా కనిపించాయి.

"లేదే. ఖాళీగానే ఉంది."

"అయ్యో" అంది విజయ. "ఎవరైనా కూర్చుంటే బాగుండేది."

రెండూ పన్నెండుకి రైలు కదిలింది.